మతం వద్దు, దేవుడు మాత్రం కావాలి: కుదురుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఉండేది విశాఖ మధురవాడ, వయసు ముప్ఫై రెండు, షిఫ్టు ఉద్యోగం. నాన్నగారు పోయి ఏడాది కావొస్తోంది. సంవత్సరీకం పద్ధతిగా పెట్టాలని అమ్మగారు పట్టుబట్టారు. మీకేమో గుళ్ల మీద, తంతుల మీద గురి పోయింది. అలాగని దేవుడు లేడనీ అనలేకపోతున్నారు. తెల్లారగట్ల రుషికొండ ఒడ్డున కూర్చుంటే మాత్రం మనసు నిలబడుతోంది. "మతం లేకుండా ఆధ్యాత్మికత కుదురుతుందా, కుదిరితే ఎలా మొదలెట్టాలి, అమ్మకి ఏం చెప్పాలి, ఫారాల్లో మతం దగ్గర ఏం రాయాలి?"

కుదురుతుంది. కానీ రెండు లేకపోతే నిలవదు. ఒకటి, సాధనకి ఒక వేళా ఒక వరసా. రెండు, "నువ్వు చేస్తున్నది తప్పు" అని మీకు చెప్పగల మనిషో, గ్రంథమో, బృందమో. మతం ఈ రెంటినీ అడక్కుండానే ఇస్తుంది. వదిలేసేవాళ్లు పురోహితుడిని వదిలామనుకుంటారు గానీ ఆయనతోపాటు ఇవీ పోతాయి. సొంత సాధనలు రెండు మూడు నెలల్లో ఎండిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే, భక్తి తక్కువై కాదు. సంవత్సరీకం సంగతి అడిగారు కాబట్టి అదీ ముందే చెబుతాను: పెట్టండి. ఎలా పెట్టొచ్చో చివర్లో రాశాను.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. "మతం" అన్న ఒక్క మాటలో మనం మూడు విషయాలు కలిపేస్తున్నాం: నమ్మకం, ఆచారం, బలగం. (అసలు సంస్కృతంలో మతం అంటే అభిప్రాయం అనే. "నా మతం ఏమిటంటే" అని పాతకాలపు పండితులు అనేది అందుకే.) మీకు పోయింది నమ్మకంలో ఒక భాగం. ఆచారం మీద విసుగు. బలగం మీద మాత్రం మీకు ఫిర్యాదు ఉన్నట్టు మీ ప్రశ్నలో ఎక్కడా కనబడలేదు. మూడింటినీ ఒకే దెబ్బకి తెంచుకోనక్కర్లేదు.

మన ఇళ్లలో ఈ విడదీత ఎప్పటి నుంచో ఉంది. ఇలవేల్పు వంశానిది, మీరు ఎంచుకున్నది కాదు. గ్రామదేవత ఊరిది, ఆ ఊళ్లో ఉన్నవాళ్లందరిదీ. ఇష్టదైవం మాత్రం మీ ఒక్కరిదే. అన్నదమ్ముల్లో ఒకరు శివుడన్నా, ఇంకొకరు ఆంజనేయుడన్నా ఇంట్లో గొడవ కాదు. స్మార్తుల (ఒకే దైవాన్ని కాక ఐదుగురినీ కొలిచే సంప్రదాయం వాళ్ల) పంచాయతన పూజ చూడండి. శివుడు, విష్ణువు, అమ్మవారు, సూర్యుడు, గణపతి ఐదుగురూ ఉంటారు, ఎవరి ఇష్టదైవాన్ని వాళ్లు నడుమ పెట్టుకుంటారు, మిగతా నలుగురు చుట్టూ. అంటే వ్యక్తిగత ఎంపికకి చోటు ఆ వ్యవస్థ లోపలే ఉంది. "వ్యవస్థా, నేనా" అన్న తగువు మీరు అనుకుంటున్నంత పదునైనది కాదు.

విశాఖలోనే దీన్ని చూడొచ్చు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేదు, తలుపుల చాటు లేదు. పసుపూ కుంకుమా మీ చేత్తో మీరే పెట్టుకుంటారు. మార్గశిర గురువారాల్లో క్యూ ఎంత పొడుగున్నా ఆ పద్ధతి మారదు. సింహాచలంలో అలా కాదు. అక్కడ ఆగమం (గుడి పూజావిధుల శాస్త్రం) ప్రకారం అర్చకులే గర్భగుడిలోకి వెళ్తారు. కానీ అదే సింహాద్రి అప్పన్నకి ఆషాఢ పౌర్ణమి వేళ చేసే గిరిప్రదక్షిణలో మంత్రం చదివేవాడే అక్కర్లేదు. తొలిపావంచా (కొండ మెట్ల మొదలు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచి రావడమే. గోత్రం అడగరు, సంకల్పం చెప్పించరు. గుడి అంటే మీ కళ్లకు కౌంటరూ టికెట్టూ మాత్రమే కనిపిస్తుంటే గుడికున్న ఈ రెండో ముఖం కూడా ఒకసారి చూడండి.

ఇక దేవుడంటే మీ ఉద్దేశంలో ఏమిటన్నది తేలాలి. అన్నిట్లోకీ ముఖ్యమైనది ఇది, అందరూ దాటేసేదీ ఇదే. "అన్ని మతాలూ ఒకటే చెబుతాయి" అనేది మర్యాద మాట, నిజం కాదు. పోర్టు పక్కన మూడు కొండలు వరసగా ఉన్నాయి కదా: వెంకటేశ్వరస్వామి గుడి, రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, ఇసాక్ మదీనా దర్గా. ఒకే గాలి, ఒకే సముద్రం. ఆ పక్కపక్కన ఉండటం చూసి మురిసిపోతాం గానీ మూడు చోట్లా ఉన్న ఊహలు వేరు.

ఇస్లాంలో దేవుడికి రూపం లేదు, సాటి లేదు. సాటి కల్పించడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. దర్గాలో వలీ (సమాధి అయిన పుణ్యపురుషుడు) ద్వారా వేడుకోవడం సరైనదా కాదా అన్నది ముస్లింల మధ్యే తెగని వాదం. క్రైస్తవంలో దేవుడు మనిషిగా వచ్చాడు. రక్షణ కృప వల్ల దొరుకుతుంది, మీ పుణ్యాల లెక్క వల్ల కాదు. కర్మ సిద్ధాంతంలో పెరిగిన మనకి ఈ ముక్క ఒక పట్టాన ఎక్కదు.

మనలో మనకే ఒప్పందం లేదు. అద్వైతంలో పరబ్రహ్మ నిర్గుణం (రూపం, గుణాలు లేనిది), చివరికి మీకంటే వేరు కాదు. అప్పుడు మొక్కేది ఎవరికి? మొక్కు వ్యవహార దశలో, అంటే రోజువారీ లోకంలో సరే, పరమార్థంలో, అంటే అసలు సత్యం తెలిశాక అది మిగలదంటారు. విశిష్టాద్వైతంలో జీవుడు, జగత్తు శరీరం, నారాయణుడు ఆత్మ. శరణాగతే దారి. ద్వైతంలో జీవుడూ దేవుడూ ఎన్నటికీ ఒకటి కారు. సాంఖ్యులకీ మీమాంసకులకీ (ఇవీ పాత దర్శనాలే) సృష్టికర్తతో పెద్దగా పనే లేదు, మీమాంసకులు వేదాన్ని ప్రమాణంగా ఉంచుకునే ఈ మాట అన్నారు. ఇక గ్రామదేవత ఈ చర్చలో ఎక్కడా లేదు. ఆవిడ సృష్టికర్త కాదు, మోక్షం ఇవ్వదు. పొలిమేర కాస్తుంది, అమ్మవారు పోసిన పిల్లల్ని కాపాడుతుంది, మొక్కు తీర్చకపోతే అడుగుతుంది.

ఇదంతా పాండిత్యం కోసం కాదు. మీరు ఏ దేవుణ్ణి అనుకుంటున్నారో దాన్ని బట్టి సాధన మారిపోతుంది. దేవుడు వినేవాడైతే ప్రార్థన, కృతజ్ఞత, మాట్లాడటం. నిర్గుణమైతే విచారణ, మౌనం. అక్కడ కోరిక చెప్పుకుంటే వినేవాళ్లు లేరు. అమ్మవారైతే మొక్కు, నైవేద్యం, ఏటా ఒకసారి కనబడి రావడం. ఎవరూ లేరనిపిస్తే శ్వాస మీద ధ్యాస, నడత మీద పట్టు. పొద్దున్న "నేనే బ్రహ్మం" అని ధ్యానం చేసి సాయంత్రం ప్రమోషన్ కోసం మొక్కుకునేవాళ్లు బోలెడుమంది. తప్పేం లేదు. కానీ రెండూ పనిచేయట్లేదని వాపోయేటప్పుడు తాము రెండు వేరు పనులు చేస్తున్నామని తెలుసుకోరు.

మీది ఏదో తేల్చుకోవడానికి పుస్తకాలు వద్దు. బైకు స్కిడ్ అయినప్పుడు, ఐసీయూ బయట కూర్చున్నప్పుడు నోట్లోంచి మొదట ఏ మాట వస్తోందో గమనించండి. "నారాయణా" అనో, "అమ్మా" అనో, "యేసయ్యా" అనో, ఏ మాటా రాక ఊపిరి బిగబట్టడమో. వాదనలో మీరు నిలబెట్టే దేవుడి కంటే ఇది నమ్మదగిన ఆచూకీ.

రుషికొండ దగ్గర మీకు దొరుకుతున్నది నిజమైనదే, తీసిపారేయను. ఇబ్బంది ఏమిటంటే అది ఆ చోటు వల్ల వస్తున్నది. వానాకాలంలో, సీ షిఫ్టు (రాత్రి డ్యూటీ) దిగి ఒళ్లు పులిసిన పొద్దున, ఆదివారం జనం కిక్కిరిసినప్పుడు అది దొరకదు. చోటు మీద ఆధారపడని వేళ ఒకటి ఇంట్లో కట్టుకోవాలి. ఎలాగంటే:

ఒక మండలం, 41 రోజులు, మార్చకుండా చేయండి. అంతకు ముందు బాగుందో లేదో తీర్పు చెప్పుకోవద్దు. షిఫ్టు ఉద్యోగం కాబట్టి గడియారం వేళ పెట్టుకోకండి, మొదటివారమే చెడుతుంది. నిద్ర లేచిన అరగంటలో, ఫోన్ ముట్టుకోకముందు అని పెట్టుకోండి. ఇరవై నిమిషాలు చాలు. మొదటి మూడు నిమిషాలు ఊపిరి నెమ్మదించడానికి, వదలడం పీల్చడం కంటే కాస్త పొడుగ్గా. తర్వాత ఆరు నిమిషాలు నామం గానీ, ఒకే ఒక గ్రంథంలోంచి ఐదారు వాక్యాలు గానీ. తర్వాత తొమ్మిది నిమిషాలు మౌనం. చివరి రెండు నిమిషాలు నోట్‌బుక్‌లో తేదీ వేసి ఒక్క వాక్యం: నిన్న ఎవరి మీద విసుక్కున్నాను, ఎవరికి ఏం బాకీ ఉన్నాను. "ప్రశాంతంగా అనిపించింది" అని రాయకండి, దానివల్ల ఉపయోగం లేదు.

జపం ఎంచుకుంటే లెక్క ఇలా వస్తుంది. నామానికి మూడు సెకన్లు వేస్తే 108కి ఐదు నిమిషాల చిల్లర, పైన చెప్పిన ఆరు నిమిషాల్లో సరిపోతుంది. మాల మధ్యవేలు మీద ఉంచి బొటనవేలితో లాగాలి, చూపుడువేలు తగలనివ్వరు. మేరుపూస (మాల కలిసే చోట ఉండే పూస) దాటరు, అక్కడికి వచ్చాక మాల వెనక్కి తిప్పుతారు. పూసలు అన్నిచోట్లా ఉన్నాయి. ముస్లింల తస్బీహ్‌కి 33 గానీ 99 గానీ, కేథలిక్కుల జపమాలకి 59. నమ్మకాలు ఇంత వేరైనా మనసు పరిగెత్తకుండా వేలికి పని పెట్టాలన్న కిటుకు అందరికీ దొరికింది.

వారానికి ఒకసారి మీకు ఏ లాభమూ లేని పని ఒకటి మరొకరి కోసం. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) బయట రోగుల సహాయకులకి భోజనం అందించే బృందంలో రెండు గంటలు వడ్డించినా సరే, ఫొటో తీయకుండా. నెలకి ఒకసారి పదిమందితో కలిసి కూర్చునే చోటు: భజన, సత్సంగం, ప్రార్థన కూడిక, ధ్యాన బృందం, ఏదైనా. మీకు ఇది నచ్చదని తెలుసు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇది లేనివాళ్ల దేవుడు కొన్నాళ్లకి అచ్చం వాళ్లలాగే తయారవుతాడు. వాళ్లకి నచ్చనివాళ్లు ఆయనకీ నచ్చరు. వాళ్ల ఖర్చు ఆయనకి అవసరంగానే కనిపిస్తుంది, పక్కవాడిదే దుబారా. గుంపులో కూర్చుంటే కనీసం ఒక ముసలాయన "బాబూ, అది కాదు" అంటాడు.

"దేవుడే లేకపోతే వ్యవస్థ ఎందుకు" అని అడగొచ్చు. రుషికొండ నుంచి భీమిలి వైపు పోతే మంగమారిపేట దగ్గర తొట్లకొండ ఉంది, ఓ పొద్దున చూసి రండి. ఒకప్పుడు అక్కడున్న బౌద్ధ భిక్షువులకి సృష్టికర్త అన్న ఊహ అవసరం లేకపోయింది. అలాంటి ప్రశ్నలు కొన్నిటికి బుద్ధుడు మౌనంగానే ఉండిపోయాడు. అయినా ఆ కొండ మీద ఏం కట్టుకున్నారో చూడండి: రాతిలో తొలిచిన నీటి తొట్లు, వరసగా గదులు, అందరూ కలిసి తినే భోజనశాల. థేరవాద (పాత బౌద్ధ శాఖ) భిక్షువుకి 227 నియమాలు. పక్షానికోసారి, అమావాస్యకీ పౌర్ణమికీ, అందరూ కూడి వాటిని వల్లించి తప్పితే ఒప్పుకోవాలి. దేవుణ్ణి పక్కన పెట్టినవాళ్లు కూడా వేళనీ, వరసనీ, తోటివాళ్లనీ పక్కన పెట్టలేదు.

ఎక్కడ చెడుతుంది? మూడో వారంలో. కొత్త తీరిపోతుంది, మౌనంలో బోర్ కొడుతుంది. అప్పుడు యూట్యూబ్‌లో ఇంకో గురువు దొరుకుతాడు, ఇంకో మంత్రం, ఇంకో ముద్ర. మార్చిన ప్రతిసారీ మళ్లీ ఆ మొదటి వారం సరదా వస్తుంది కాబట్టి ఎదుగుతున్నట్టు భ్రమ. 41 రోజుల్లోపు పద్ధతి మార్చకూడదన్నది అందుకే.

ఇంకో చోటు, ఇంట్లోవాళ్ల మీద చులకన. అమ్మగారు తులసి కోట చుట్టూ తిరుగుతుంటే మీకు నవ్వు వస్తోందంటే మీ ధ్యానం ఎక్కడో పక్కదారి పట్టింది. ఆవిడకి ఉన్నంత క్రమం మీకు ఇంకా రాలేదు.

మూడోది ఒంటికి సంబంధించినది. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టే ప్రాణాయామం, వీడియో చూసి చేయొద్దు. బీపీ, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు అసలే వద్దు. పది రోజుల విపశ్యన శిబిరాల గురించి ఎవరో మీకు చెప్పే ఉంటారు. రోజుకి సుమారు పది గంటల ధ్యానం, మాట ఉండదు, మొదటి మూడు రోజులు శ్వాస మీదే. ఫీజు లేదు, తోచింది ఇవ్వడమే. మంచి శిక్షణే, కానీ తండ్రి పోయిన మొదటి ఏడాదిలో మొదటి మెట్టుగా దాన్ని సలహా ఇవ్వను. అణిచిపెట్టిన దుఃఖం ఐదో రోజో ఆరో రోజో ఒక్కసారిగా పైకి వచ్చినప్పుడు మాట్లాడటానికి మనవాళ్లు పక్కన ఉండరు. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం రెండు వారాలు దాటితే అది వైరాగ్యం అనుకోకండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్‌లో (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) తెలుగులోనే మాట్లాడతారు.

గురువు కావాలా అంటే, మొదటి మండలానికి అక్కర్లేదు. తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లినా మూడు చూడండి. వెళ్లిపోతానంటే నవ్వుతూ పంపిస్తారా? ఇచ్చిన డబ్బుకి రసీదు ఉందా? ఇంట్లోవాళ్లకి చెప్పొద్దనే మాట ఏదైనా ఉందా? మూడోదానికి అవును అని వస్తే మొదటి రెండూ చూడక్కర్లేదు, లేచి వచ్చేయండి.

ఫారాల సంగతి చిన్నది. నమ్మకం లేనంత మాత్రాన ఏ ఆఫీసుకీ వెళ్లి చెప్పుకోనక్కర్లేదు. రాజ్యాంగం 25వ అధికరణంలో మనస్సాక్షి స్వేచ్ఛ ఉంది. 2011 జనగణనలో మతం తెలపనివారు సుమారు 28.7 లక్షల మంది, జనాభాలో 0.24 శాతం. కానీ చట్టం లెక్క వేరు. 1955 హిందూ వివాహ చట్టం ముస్లిం, క్రైస్తవ, పార్సీ, యూదు కానివారికీ వర్తిస్తుంది. కాబట్టి గుడికి వెళ్లడం మానేసినా మీ పెళ్లి, వారసత్వం అలాగే ఉంటాయి. తంతు లేకుండా పెళ్లి కావాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు ఉండి ఉండాలి, నోటీసు ఇచ్చాక మరో 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త: ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలకే పరిమితం (సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో కలిపారు). ఎస్టీలకి ఆ షరతు లేదు. మీకు ఇది వర్తించేదైతే సర్టిఫికెట్ల మీద ఆవేశంలో ఏమీ మార్చకండి.

ఇప్పుడు సంవత్సరీకం. పెట్టమన్నది మీ నమ్మకం మార్చుకోమని కాదు. ఆ రోజు తంతులో అసలు పని పేర్లు చెప్పడం: తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాలు, నువ్వులూ నీళ్లూ వదులుతూ. ముత్తాత పేరు చాలామందికి తెలియదు, పురోహితుడు అడిగేసరికి తడుముకుంటారు. ఈ వారమే అమ్మగారినో పెదనాన్నగారినో అడిగి రాసుకోండి. దేవుడి గురించి ఏ అభిప్రాయం ఉన్నవాడైనా చేయగలిగిన పని అది.

మీకు ఇబ్బంది భోక్తలూ (పితృదేవతల స్థానంలో కూర్చుని భోజనం చేసేవాళ్లు) హోమమూ అయితే, సంప్రదాయంలోనే సడలింపులు ఉన్నాయి. వండి పెట్టలేనప్పుడు పచ్చి దినుసులు ఇచ్చేది ఆమ శ్రాద్ధం, మన వాడుకలో స్వయంపాకం: బియ్యం, కందిపప్పు, కూరగాయలు, చింతపండు, ఉప్పు, నెయ్యి, పెరుగు, పైన దక్షిణ. డబ్బు రూపంలో ఇచ్చేది హిరణ్య శ్రాద్ధం. అయితే చాలా ఇళ్లలో ఏటేటా వచ్చే తద్దినానికి వీటిని ఒప్పుకుంటారు గానీ మొదటి సంవత్సరీకానికి ఒప్పుకోరు. మీ ఇంటి ఆనవాయితీ ఏదో అమ్మగారిని అడిగాకే పురోహితుడితో మాట్లాడండి. ఈ ఒక్కసారికి పూర్తిగా పెట్టి, వచ్చే ఏటి నుంచి స్వయంపాకమూ, ఆయన పేరు మీద అన్నదానమూ అని అమ్మగారితో ఒప్పందానికి రావచ్చు. ఆవిడకి కావలసింది మీ నమ్మకం కాదు, ఆ రోజు మీరు పీట మీద కూర్చోవడం.

తేదీ విషయంలో చాలామంది పొరబడతారు. ఇంగ్లీషు తేదీ కాదు, తిథి. అదీ క్యాలెండర్‌లో సూర్యోదయానికి వేసిన తిథి కాదు, అపరాహ్ణానికి, అంటే మధ్యాహ్నం దాటాక ఉన్న తిథి. రెంటికీ ఒక రోజు తేడా రావచ్చు. ఈ ఏడాది మధ్యలో అధిక మాసం వచ్చి ఉంటే నెలలు పదమూడవుతాయి, రోజు ఇంకా ఆలస్యంగా వస్తుంది. పోయిన రోజు, సమయం, ఊరు మూడూ కాగితం మీద రాసి పురోహితుడికి నెల ముందే ఇవ్వండి. భాద్రపద బహుళంలో, మహాలయ పక్షాలప్పుడు పడితే ఇంకా ముందే, ఆ పదిహేను రోజులూ వాళ్లకి తీరిక ఉండదు.